ఇంకొంచెం తొక్కినా ఏంగాదు

చిత్తూరు
9 మార్చి 2025

చిరంజీవి బాలచంద్రకు,

ఆ రోజు ఏం జరిగిందో చెప్పమని మూడుసార్లు ఫోన్ చేశావు. మూడుసార్లూ పెట్టేశాను. నోటితో చెప్పలేను. ఒక్కసారి రాస్తాను. మళ్లీ అడగొద్దు.

ఫిబ్రవరి 12, బుధవారం. మీ అక్క ఆరింటికి లేచింది. దోసెలు పోసింది. నేను మూడు తిన్నాను. తను ఒకటి వేసుకుని సగం వదిలేసింది. తొమ్మిదిన్నరకు కరివేపాకు కోసుకొస్తానని పెరట్లోకి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఎడమ భుజం లాగుతోందంది. నిన్న పరుపు ఎత్తావు, అందుకే అయ్యుంటుందన్నాను. ఆ మాట అన్నది నేనే. పదింటికి చెమటలు పట్టాయి. వీధి చివరి డాక్టరు ఈసీజీ తీసి, ఇక్కడ కాదు, వేలూరు తీసుకుపొమ్మన్నాడు. అంబులెన్సుకు నలభై నిమిషాలు పడుతుందన్నారు. మన ఇంటి కారులోనే ముందు సీటు వెనక్కి వాల్చి పడుకోబెట్టాను.

పదిన్నరకు బయల్దేరాం. దారి ఖాళీగా ఉంది. నేను అరవై దాటలేదు. సరిహద్దు చెక్‌పోస్టు దాటాక ఆమె కళ్లు తెరిచి మీటరు వైపు చూసింది. "ఇంకొంచెం తొక్కినా ఏంగాదు" అంది. నా కోసం ధైర్యం తెచ్చుకుని అంటోందనుకున్నాను. అరవైలోనే పోయాను. ఆ తర్వాత ఆమె ఏమీ అనలేదు.

పదకొండు ఇరవైకి ఆసుపత్రి చేరాం. పదకొండు యాభైకి అయిపోయింది. డాక్టరు బయటికొచ్చి, పది నిమిషాలు ముందొచ్చినా తేడా ఉండేది కాదన్నాడు. నేను అడగలేదు. ఆయనే అన్నాడు.

నువ్వు సేలంలో పెళ్లిలో ఉన్నావు. అది నీ తప్పు కాదు.

ఇంకొక పని. మీ లాడ్జి సెల్లారులో ఉన్న నా బండి తాళాలు పంపు. బ్యాటరీ పోయి ఉంటుంది. ఫర్వాలేదు.

జయరామ్


తిరుచానూరు
16 మార్చి 2025

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం వచ్చింది. లోకేశ్వరి ముందు చదివి, నా చేతికిచ్చి వంటింట్లోకి పోయింది. నేను చదివి లాడ్జి మేడ మీదికి పోయి కూర్చున్నాను. కింద రూములు అడిగేవాళ్లు అరుస్తూనే ఉన్నారు. మీరు చేయగలిగిందంతా చేశారు బావగారూ. పరుపు సంగతి మనసులో పెట్టుకోకండి.

బండి సంగతి. అది సెల్లారులో పెట్టి ఎనిమిదేళ్లవుతోంది. బెంగళూరులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న రోజు మీరూ అక్కా ఆ రెండు సీట్ల కారులో ఇరుక్కుని ఇక్కడికి తెచ్చిన తీరు నాకు ఇంకా కళ్లకు కట్టినట్టుంది. ఇప్పుడు టార్పాలిన్ కింద ఎలుకలు కాపురం పెట్టాయి. పోయిన వారం తిరువణ్ణామలై నుంచి వచ్చిన ఒక ముసలావిడ అది అమ్మవారి వాహనం అనుకుని టార్పాలిన్‌కి పసుపు, కుంకుమ పెట్టి దండం పెట్టుకుంది. వాచ్‌మన్ మునస్వామిని అడ్డుకోలేదేమని అడిగితే, "పెట్టుకోనీ సార్, అదేమన్నా కదిలేదా చచ్చేదా" అన్నాడు.

తాళాలు లోకేశ్వరి ఎక్కడో పెట్టింది. వెతకాలి. అయినా ఇప్పుడెందుకు బావగారూ? సంవత్సరీకం కూడా కాలేదు. మీకు యాభై తొమ్మిది. మద్రాసు రేసు ట్రాకు మీద నెలకో ఆదివారం తిప్పిన రోజులు వేరు. ఐశ్వర్య బెంగళూరు నుంచి ఫోన్ చేసి, నాన్న ఒక్కరే ఉన్నారు, చూసుకో మామయ్యా అని ఏడ్చింది. ఆ పిల్లకు నేనేం చెప్పాలి?

అక్క ఏమని మొక్కుకుందో మీకు గుర్తు చేయాల్సిన పని లేదు. ఆమె లేదని ఆమె మాట కూడా తీసేస్తామా.

మీ
బాలచంద్ర


చిత్తూరు
30 మార్చి 2025

బాలచంద్రకు,

ఉగాది. ఇంట్లో పచ్చడి చేయలేదు. ఉత్తరం రాయడానికి తీరిక ఉంది.

మొక్కు సంగతి ఎత్తావు కాబట్టి రాస్తున్నాను. 2017 ఆగస్టు 2. తిరుచానూరులో పూల అంగళ్ల దగ్గర నన్ను ఆపి నువ్వన్న మాటలు నాకు కంఠతా వచ్చు. "బావా, అక్క నిద్ర పోవడంల్యా. మీరు ఆ బండి మానేస్తే చాలని అమ్మవారికి మొక్కుకునింది. మీకు చెప్పద్దనింది. మీరు అడిగినారంటే మొక్కు చెడిపోతుంది." అంతకు ముందు నెల ట్రాకు మీద నా బండి ఒకసారి గిర్రున తిరిగి గడ్డిలోకి పోయిన మాట నిజం. ట్రాకు పక్క గోడ దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడింది ఆమే. అందుకే నమ్మాను. వారంలో బండి తెచ్చి మీ సెల్లారులో పెట్టాను. ఆమెను ఏమీ అడగలేదు. మొక్కు చెడకూడదని.

మా పెళ్లయిన ముప్పై ఏళ్లలో గట్టి మాటలన్నీ నీ ద్వారానే నడిచాయి. ఐశ్వర్య చదువు, మా అమ్మను ఎవరి ఇంట్లో ఉంచాలన్నది, ఇల్లు కట్టడం. ఆమె నీతో అనేది, నువ్వు నాతో అనేవాడివి. నేనూ అంతే. ఎదురుగా కూర్చుని పోట్లాడటం మా ఇద్దరికీ చేతకాదు. అది మంచి పద్ధతి అనుకున్నాను.

నిజం చెప్తాను. ఈ ఎనిమిదేళ్లూ లోపల ఎక్కడో ఆమె మీద నాకు కోపం ఉండేది. ఒక్కసారి కూడా నాతో నేరుగా అనలేదని. ఆమె పక్కన కూర్చున్నప్పుడల్లా ఇంటి కారు అరవైలో నడిపేవాణ్ని. అది కూడా కోపంతోనే.

నిన్న ఆమె బీరువా సర్దాను. పట్టుచీరల కింద స్టాప్‌వాచ్ ఉంది. నొక్కితే నడిచింది. వెనక మూత తీశాను. బ్యాటరీ కొత్తది. పోయిన ఏడాది తేదీ ఉంది.

నా బండి అంటే నిద్ర పట్టని మనిషి స్టాప్‌వాచ్‌కి బ్యాటరీ ఎందుకు మారుస్తుంది?

ఎవరి కోసం మానేశానో ఆమె లేదు. తాళాలు పంపు. నీతో బతిమాలించుకోవడానికి నాకు ఓపిక లేదు.

జయరామ్


తిరుచానూరు
7 ఏప్రిల్ 2025

బావగారికి,

తాళాలు దొరికాయి. మునస్వామితో పంపుతున్నాను. రేణిగుంట రోడ్డులో దయానంద్ షెడ్డుకు బండిని లాగించే ఏర్పాటు కూడా చేశాను. పాత రోజుల్లో దాన్ని చూసుకున్నది అతనే కాబట్టి అక్కడే ఉంచండి.

స్టాప్‌వాచ్ సంగతి నాకు తెలియదు. ఆడవాళ్లు ఏవో దాచుకుంటారు.

ఒక మాట. దయానంద్ పనిమంతుడే కానీ వాడి నోరు మంచిది కాదు. వాడు చెప్పేవన్నీ పట్టించుకోకండి. మామిడికాయ సీజను వస్తోంది కదా, మీకు బంగారుపాళ్యంలో గుజ్జు ఫ్యాక్టరీ పనే సరిపోతుంది. సీజను అయ్యాక నిదానంగా ఆలోచించుకుందాం.

బాలచంద్ర


బంగారుపాళ్యం
15 జూన్ 2025

బాలచంద్రకు,

ఫ్యాక్టరీ గేటు బయట లారీలు రెండు కిలోమీటర్లు నిలబడి ఉన్నాయి. గుజ్జు లైను ఆగితే కాయ కుళ్లిపోతుంది. ఆగనివ్వకుండా ఒక పూట దొరకబుచ్చుకుని, పోయిన ఆదివారం దయానంద్ దగ్గరికి పోయాను. సీజను అయ్యాక అన్నావు. ఎందుకన్నావో ఇప్పుడు తెలిసింది.

టార్పాలిన్ తీసి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, దయానంద్ మొదట అడిగింది ఇదీ. "అమ్మ రాలేదా సార్?" వాడికి తెలియదు. చెప్పాను. వాడు చేతిలో స్పానర్ పక్కన పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. "గేరు దించడంలో అమ్మ తీరు మీకు రాదు సార్" అన్నాడు.

ఏ అమ్మ అని అడిగాను.

"పంకజాక్షమ్మే సార్. మీకు తెలీదా? ఆ యేడు సీజనంతా మీరు ఫ్యాక్టరీలోనే ఉంటిరి. అమ్మ తిరుచానూరులో తమ్ముడింట్లో ఉండె. వారానికి మూడు దినాలు ఈడికి వచ్చేది. కరకంబాడి కాడ ప్లాట్లేసి ఎవురూ ఇండ్లు కట్టని లేఅవుట్ ఉండాది సూడు, ఆడ మామిడికాయల ట్రేలు వరసగా పెట్టి మధ్యలో తిప్పేది. ఆగస్టులో ట్రాకు మీద మీ కండ్ల ముందర దిగాలని. మీతో అనద్దని నా చేత బైబిల్ మీద చెయ్యేపిచ్చింది. అంతలో మీరే మానేస్తిరి. పెద్దోళ్ల సంగతి నేనెట్ల అడిగేది?"

ట్రేలు ఇంకా వాడి షెడ్డులోనే ఉన్నాయి. ఇరవై నాలుగు. మన ఫ్యాక్టరీ పచ్చ రంగు గుర్తు ఉంది. ఆ ఏడాది సరిగ్గా ఇరవై నాలుగు తగ్గాయని స్టోరులో మునిరామయ్యను అందరి ముందు నిలబెట్టి తిట్టాను. అతను తల ఎత్తలేదు. వ్యానులో వేసి పంపింది అతనేనని ఈ రోజు పిలిచి అడిగితే చెప్పాడు. "అమ్మ ఆశపడి అడిగింది సార్. మీ తిట్లు నాకు కొత్తా" అన్నాడు. అతనికి నేను క్షమాపణ చెప్పాను. నీకు కాదు.

ఇప్పుడు అసలు సంగతి. బండి డ్యాష్‌బోర్డు అర తెరిచాను. క్లబ్బు ఫారం ఒకటి మడిచి ఉంది. ఆమె చేతిరాత. నడిపేవారి పేరు: జె. పంకజాక్షి. వయసు: నలభై ఏడు. కోరిన నంబరు: నలభై ఏడు. అత్యవసరమైతే కబురు చేయవలసిన వ్యక్తి: ఎం. బాలచంద్ర, తమ్ముడు. ఆ వ్యక్తి సంతకం ఉండాలి. ఉంది. 29 జూలై 2017.

అదే రోజు ట్రాకు మీద దిగేవాళ్ల పేరు అక్కడ రాయకూడదని క్లబ్బు నియమం. నా పేరు రాయడానికి లేక నీ పేరు రాసింది. నీ దగ్గరికి తెచ్చింది. నువ్వు చదివి సంతకం పెట్టావు. నాలుగు రోజుల తర్వాత పూల అంగళ్ల దగ్గర నన్ను ఆపి, అక్కకు నిద్ర పట్టడం లేదన్నావు.

మొక్కు లేదు. అవునా, కాదా?

నాకు ఒక కబురు చెప్పావు. ఆమెకు ఏం చెప్పావు? లాడ్జి కబుర్లు వద్దు. అడిగినదానికే రాయి.

జయరామ్


తిరుచానూరు
24 జూన్ 2025

బావా,

మొక్కు లేదు.

ఈ రెండు మాటలు రాయడానికి తొమ్మిది రోజులు పట్టింది. మిగతాది కూడా రాస్తాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మా నాయన దగ్గర మొదలుపెడుతున్నాను, కోప్పడకండి.

నాయన పాకాల గేటు దగ్గర స్కూటర్ మీద పోతూ లారీ కింద పడినప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. గుర్తుపట్టడానికి నన్నే పిలిపించారు. చేతి గడియారం చూసి గుర్తుపట్టాను. వేరే ఏమీ గుర్తుపట్టేట్టు లేదు. ఇంటికొచ్చి అమ్మతోను, అక్కతోను ఏమన్నానంటే, దెబ్బ తగలకుండా నిద్రపోతున్నట్టున్నాడని. వాళ్లు నమ్మారు. వాళ్ల ముఖాలు కొంచెం తెరిపిన పడ్డాయి. కబురు మార్చి చెబితే మనుషులు బతుకుతారని ఆ రోజు నాకు అనిపించింది. అదే అలవాటైంది. మీ ఇద్దరి మధ్య నేను మోసిన మాటల్లో ఒక్కటైనా ఉన్నదున్నట్టు మోశానా అని ఇప్పుడు లెక్కేసుకుంటే భయమేస్తోంది.

అక్క ఆ ఫారం తెచ్చినప్పుడు నవ్వుతూ ఉంది. "సంతకం పెట్రా, మీ బావ నోరు తెరుచుకుని సూడాల" అంది. కాదంటే వినే మనిషి కాదు. చిన్నప్పటి నుంచీ అంతే. అందుకని పెట్టాను. పెట్టాక నాలుగు రోజులు నాయన గడియారమే కళ్ల ముందు. ఆమెను ఆపలేను. మిమ్మల్ని ఆపగలను. మీరు మానేస్తే బండి ఉండదు, బండి లేకపోతే ఆమె దిగలేదు. మీకు చెప్పింది మీకు తెలుసు.

ఆమెకు చెప్పింది ఇది. గడ్డిలోకి పోయినప్పటి నుంచి బావకు స్టీరింగ్ పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి, ఎవరికీ తెలియకూడదంటున్నాడు, నువ్వు ఆ మాట ఎత్తితే చిన్నతనంగా ఉంటుంది అని.

ఆమె నవ్వడం మానేసింది. కాసేపు ఫారం మడతపెడుతూ కూర్చుంది. "మగోడు అట్లాంటిది చెప్పుకోలేడు రా. నేను అడగను. ఆయనంతట ఆయన ఎత్తే దినం వస్తుంది, అప్పుడు సూద్దాం" అంది. మీరు మొక్కు చెడకూడదని అడగలేదు. ఆమె మీ పరువు పోకూడదని అడగలేదు. మధ్యలో నేను హాయిగా ఉన్నాను.

ఇంకొకటి ఉంది. ఇది రాయకపోతే నేను మనిషినే కాదు. ఈ జనవరి నెలాఖరులో అక్క ఒక్కతే వచ్చి సెల్లారులోకి దిగింది. టార్పాలిన్ ఎత్తి లోపల కూర్చుంది. నేను పోయేసరికి కాళ్లు పెడల్స్ మీద పెట్టి ఉన్నాయి. "ఈ యేడు ఆ మాట నేనే ఎత్తుతాను రా. ఆయన చేతులు వణికితే నేను తిప్పుతాను, ఆయన గోడకాడ నిలబడి టైము రాసుకుంటాడు. నాకు మాత్రం ఎన్నేండ్లుండాయి" అంది. ఆ రోజైనా చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది. "సీజను కానీ అక్కా, ఆ తర్వాత మాట్లాడుకోండి" అన్నాను.

రెండు వారాలకు ఆమె పోయింది.

నన్ను ఏమన్నా అనండి. మాట్లాడటం మానేయకండి.

బాలచంద్ర


చిత్తూరు
28 జూలై 2025

శ్రీ ఎం. బాలచంద్ర గారికి,

మీ ఉత్తరం అందింది. నెల రోజులు జవాబు రాయలేదు. రాస్తే ఏం రాసేవాణ్నో నాకు తెలుసు కాబట్టి రాయలేదు.

నిన్న ఆదివారం మద్రాసు ట్రాకు మీద ప్రాక్టీసు ఉంటే పోయాను. టైర్లు రాయిలా గట్టిపడ్డాయని నాలుగూ మార్పించాను. పాత హెల్మెట్ లోపలి స్పాంజి పొడిలా రాలిపోతే కొత్తది తీసుకున్నాను. బ్రేకు ఆయిల్, గొట్టాలు, బెల్టులు అన్నీ దయానంద్ మార్చాడు. బండి బాగుంది.

పొడుగు దారి చివర కుడికి మలుపు. దాని ముందు పక్కన 200, 150, 100 అని మీటర్ల పలకలు నిలబెట్టి ఉంటాయి. పాత రోజుల్లో వంద పలక దాటాక బ్రేకు తొక్కేవాణ్ని. నిన్న రెండు వందల పలక కూడా రాకముందే కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. వెనక వచ్చేవాళ్లు నన్ను రెండు వైపులా దాటుకుపోయారు. ఆరు చుట్లు తిరిగి లోపలికి వచ్చేశాను. ఇంజను ఆపాక చూసుకుంటే చేతులు వణుకుతున్నాయి. చాలాసేపు ఆగలేదు.

అంటే మీరు ఎనిమిదేళ్ల క్రితం మా ఆవిడకు చెప్పిన అబద్ధం నిన్న మధ్యాహ్నానికి నిజమైంది. అభినందనలు.

బండి పక్కన నిలబడి దయానంద్, "ట్రేల మధ్యన కూడా అమ్మ ఇంతకన్నా బిరబిరా పోయేది సార్" అన్నాడు. వాణ్ని కొట్టాలనిపించింది. వాడు అబద్ధం చెప్పడని గుర్తొచ్చి ఊరుకున్నాను.

మీ ఉత్తరంలో మీ నాయన గారి గురించి రాశారు. పంతొమ్మిదేళ్ల వయసులో అది చూడటం కష్టమే. కాదనను. కానీ మీరు ఒక విషయం రాయలేదు. మీకు తట్టలేదో, తట్టి వదిలేశారో నాకు తెలియదు. కాబట్టి నేను రాస్తాను.

ఫిబ్రవరి 12న వేలూరు దారి ఖాళీగా ఉంది. నా కారు నూట ఇరవై పోతుంది. ఆ వేగంలో బండి నడపడం నాకు వచ్చు. ఈ జిల్లాలో అది నేర్చుకుని నడిపినవాళ్లు పది మంది ఉండరు. నేను అరవైలో పోయాను. పక్కన ఉన్న మనిషికి వేగమంటే భయమని మీరు చెప్పారు కాబట్టి. ఆమె తొక్కమంది. నేను నమ్మలేదు. ఆమె మాట కన్నా మీ మాట నమ్మాను. ఆమె ఏమనుకుని ఉంటుంది? చేతులు వణుకుతున్నాయి పాపం, అందుకే ఇంత నెమ్మదిగా పోతున్నాడు అనుకుని ఉంటుంది. అందుకే రెండోసారి అడగలేదు. చివరి గంట మేమిద్దరం మీరు చెప్పిన కబుర్లు పట్టుకుని పక్కపక్కన కూర్చున్నాం.

పది నిమిషాలు తేడా చేసేవి కావని డాక్టరు అన్నాడు. నిజమే అయ్యుండవచ్చు. మనుషులు తెరిపిన పడతారని ఆయనా మార్చి చెప్పాడేమో. మీ వల్ల నేను ఇక ఎవరి మాటా నమ్మలేను.

క్షమించమని అడగకండి.

దీనితో ఒక ఫారం ఉంది. ఆగస్టు 24 ఆదివారానిది. అత్యవసర వ్యక్తి దగ్గర సంతకం పెట్టి పంపండి. ఇదివరకు ఒకసారి పెట్టారు కాబట్టి ఎక్కడ పెట్టాలో తెలుసు.

కె. జయరామ్


తిరుచానూరు
9 ఆగస్టు 2025

బావా,

సంతకం పెట్టాను. ఫారం ఇందులో ఉంది.

నన్ను "మీరు" అని రాశారు. ముప్పై ఏళ్లలో మొదటిసారి. తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ని.

వేలూరు దారి సంగతి నాకు తట్టింది. మార్చిలో మీ మొదటి ఉత్తరం చదివినప్పుడే తట్టింది. మేడ మీద కూర్చుని ఏడ్చింది దానికే. అందుకే తాళాలు దాచాను. బండి బయటికొస్తే మాట బయటికొస్తుందని.

లోకేశ్వరికి అంతా చెప్పాను. నాలుగు రోజులు కంచంలో అన్నం పెట్టి పక్క గదిలోకి పోయింది. ఐదో రోజు ఒక మాటంది. "వదిన బస్సు దిగొచ్చినప్పుడు చేతులు నల్లగా ఆయిల్ వాసన వస్తా ఉండె. నేనే సబ్బిస్తి. నన్నడిగింటే నిజం నేనైనా చెప్పుందును. నువ్వు ఎవుర్నీ అడగవు, అందరికీ చెప్తావు." ఐశ్వర్యకు కూడా నా చేత్తో ఉత్తరం రాశాను. ఒక్క ముక్క మార్చలేదు. ఆ పిల్ల ఇంకా జవాబు రాయలేదు.

ఇరవై నాలుగున నేను కూడా రానా? గోడ దగ్గర నిలబడి స్టాప్‌వాచ్ పట్టుకుంటాను. మీరు వద్దంటే రాను. జవాబు రాకపోయినా రాను.

బాలచంద్ర


శ్రీపెరుంబుదూరు
23 ఆగస్టు 2025, శనివారం సాయంత్రం

బాలచంద్రా,

జవాబు రాయకపోవడం మరిచిపోయి కాదు. నువ్వు రావద్దనే. స్టాప్‌వాచ్ దయానంద్ పట్టుకుంటాడు.

ఈ పదిహేను రోజులు ఏం చేశానో రాస్తాను. కరకంబాడి లేఅవుట్‌లో ఇప్పటికీ ఎవరూ ఇళ్లు కట్టలేదు. ఉదయం ఆరింటికల్లా దయానంద్, నేను ట్రేలు పేర్చేవాళ్లం. ఆమె ఎలా పేర్చేదో వాడికి గుర్తుంది. ఆ వరస చూస్తే మతి పోయింది. నేను పంతొమ్మిదేళ్లు ప్లాంటు నడిపిన ఇంజనీరును. నాకు ఆ వరస తట్టి ఉండేది కాదు. మన ట్రాకు మలుపులన్నీ వరుస తప్పకుండా, మూడో వంతు కొలతకు దించి పేర్చింది. ఏళ్ల తరబడి గోడ దగ్గర నిలబడి టైము రాసుకుంటూ ఆమె చూసింది నన్ను మాత్రమే కాదు. దారిని చూసింది.

మొదటి రోజు తొమ్మిది ట్రేలు గుద్దాను. చేతులు వణికాయి. రెండో రోజూ అంతే. మూడో రోజు ఐదు. దయానంద్ పడిన ట్రేలు ఎత్తి పెడుతూ, "ఆఖర్న అమ్మ రెండే తగిలించేది, అది కూడా ఎండ కండ్లల్లో పడితే" అన్నాడు. పదో రోజు మూడు. ఆమెకన్నా ఒకటి ఎక్కువ. చేతులు వణకడం ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

కోపం మాత్రం ఆగలేదు. నీ మీద, నా మీద. ఆమె మీద కూడా. ఎనిమిదేళ్లు పక్కన పడుకుని ఒక్క ముక్క అడగకుండా బ్యాటరీలు మారుస్తూ కూర్చున్న మనిషి మీద కోపం రాకుండా ఎలా ఉంటుంది. రోజూ పొద్దున ఆ కోపంతోనే లేస్తున్నాను. బండిలో కూర్చుని బెల్టు బిగించాక కొంచెంసేపు ఉండదు. అంతే. తగ్గిందని నీకు అబద్ధం రాయను.

ఐశ్వర్య ఫోన్ చేసింది. నువ్వు రాసిన ఉత్తరం మొత్తం నాకు చదివి వినిపించింది. నేను ఎదురు చూశాను, ఎక్కడ మారుస్తావోనని. మార్చలేదు. ఆ సంగతి నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను. అంతకు మించి దానికి అర్థం వెతకొద్దు.

ఇవాళ మధ్యాహ్నం బండి పరీక్ష చేశారు. పాసయింది. డాక్టరు నా గుండె విని సంతకం పెట్టాడు. ఫారంలో నీ పేరు ఉంది. నిన్ను క్షమించి రాయలేదు. మా ఇంట్లో కబురు మోసే పని నీది కాబట్టి రాశాను. నెలనెలా దిగుతాను. ప్రతి ఫారంలోనూ నీ పేరే ఉంటుంది, ప్రతిసారీ నీ సంతకం కావాలి. ఏదో ఒక ఆదివారం నీకు ఫోన్ రావచ్చు. వస్తే వచ్చి చూసి, ఐశ్వర్యకు చూసింది చూసినట్టు చెప్పాలి. గడియారం చూసి గుర్తుపడితే, గడియారం చూసి గుర్తుపట్టానని. నిద్రపోతున్నట్టున్నాడని అన్నావంటే ఊరుకోను.

ఈ ఉత్తరం నీకు సోమవారమో మంగళవారమో చేరుతుంది. అప్పటికి ఫోన్ రాకపోతే ఏమీ కాలేదని అర్థం.

నంబరు ఏది కావాలని క్లబ్బు వాళ్లు అడిగారు. నా పాత నంబరు ఖాళీగానే ఉంది. నలభై ఏడు కావాలన్నాను. ఎవరూ తీసుకోలేదు. రెండు పెద్ద స్టిక్కర్లు ఇచ్చారు. అవి టేబుల్ మీద ఉన్నాయి.

రేపు పొద్దున ఆరింటికి ట్రాకు దగ్గరికి పోతాను. రెండు తలుపుల మీదా నలభై ఏడు అంటిస్తాను. స్టాప్‌వాచ్ దయానంద్ చేతికి ఇస్తాను. మొదటి మూడు చుట్లు అందరూ నెమ్మదిగా పోవాలని నియమం. పోతాను. నాలుగో చుట్టులో పొడుగు దారి మీద రెండు వందల పలక వస్తుంది, నూట యాభై పలక వస్తుంది. ఇంకొంచెం తొక్కుతాను.

జయరామ్